మంచులో జియోక్యాష్ దొరకట్లేదా? బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లకు సమస్య - పరిష్కారం

జీపీఎస్ చూసుకుంటూ ఎవరో దాచిన డబ్బాను (దాన్నే క్యాష్ అంటారు) వెతికి, లోపలి లాగ్‌బుక్‌లో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి రావడమే జియోక్యాషింగ్. కబ్బన్ పార్కు చెట్ల కింద చేయి తిరిగినవాళ్లు కూడా డిసెంబరు సెలవుల్లో మనాలి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తుంటారు. మొదటిసారి నేనూ అంతే.

సమస్య: యాప్ చేరుకున్నామంటుంది, ఎదురుగా తెల్లటి మంచు తప్ప ఏమీ ఉండదు.

ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపించడం మామూలే. తేడా 5 మీటర్లే అనుకున్నా, వెతకాల్సిన వృత్తం దాదాపు 78 చదరపు మీటర్లు, అంటే 840 చదరపు అడుగులు. మారతహళ్లిలో చిన్న టూబీహెచ్‌కే అంత! ఇక్కడైతే నాలుగు రాళ్లు కదిపి చూస్తాం. అక్కడ ఆ ఇల్లంతా మోకాళ్ల లోతు మంచు కింద ఉంటుంది.

తవ్వకండి, అది పని కాదు. దీనికి పరిష్కారం బయల్దేరక ముందే, ఇంట్లో కూర్చుని చేసుకోవాలి. ముందు యాప్‌లో ఆ క్యాష్ పేజీలో ఉండే హింట్, అంటే దాచినవాళ్లు ఇచ్చిన చిన్న ఆధారం, చదవండి. ‘రాయి కింద’, ‘చెట్టు వేళ్ల దగ్గర’ అని ఉంటే ఆ క్యాష్‌ను ఎండాకాలానికి వదిలేయండి. కొమ్మకు వేలాడేవి, కంచె స్తంభానికో రెయిలింగ్‌కో అయస్కాంతంతో అతికించినవి, నడుము ఎత్తుకు పైన ఉన్నవి ఎంచుకోండి. టెరైన్ రేటింగ్ (అక్కడికి చేరడం ఎంత కష్టమో 1 నుంచి 5 వరకు చెప్పే అంకె) 1.5 అని ఉంటే మురిసిపోవద్దు, అది చాలావరకు మంచు లేని రోజుల లెక్క.

సమస్య: క్యాష్ పేజీలో మంచు రేకు గుర్తు ఉంది, అయినా దొరకలేదు.

చలికాలంలోనూ అందుబాటులో ఉంటుందని చెప్పే గుర్తు అది. పెట్టేది క్యాష్ దాచినవాళ్లే, చాలాసార్లు అంచనా మీద. మంచే పడని మన ఊళ్లో దానికి అర్థమే లేదు. నేనైతే గుర్తు కంటే, ముందు వెతికినవాళ్లు ఆ పేజీలో రాసిన పాత లాగ్‌లనే నమ్ముతాను. జనవరి, ఫిబ్రవరి తేదీలతో ‘దొరికింది’ అని రెండు మూడు ఉంటే వెళ్లొచ్చు. అన్నీ మే, జూన్ లాగ్‌లే అయితే అనుమానించాల్సిందే.

సమస్య: 40 శాతం ఛార్జింగ్ ఉండగానే ఫోన్ ఆగిపోయింది.

బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. కాబట్టి మన ఫోన్‌కు గడ్డకట్టే చలి ఇక్కడ ఎప్పుడూ ఎదురై ఉండదు. చలిలో లిథియం అయాన్ బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగించి, కావలసినంత కరెంటు ఇవ్వలేదు. టెన్షన్ పడక్కర్లేదు. ఫోన్‌ను స్వెటర్ లోపలి జేబులో పెట్టుకుంటే వెచ్చబడ్డాక మళ్లీ ఆన్ అవుతుంది. సున్నా కంటే చల్లగా ఉన్న ఫోన్‌కు వెంటనే పవర్‌బ్యాంక్ తగిలించకండి, బ్యాటరీ పాడవుతుంది. అక్షాంశ రేఖాంశాలు, హింట్ ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే ఫోన్ ఆగినా దారి తెలుస్తుంది.

సమస్య: డబ్బా దొరికింది, మూత రావట్లేదు.

మరల్లోకి చేరిన నీళ్లు గడ్డకట్టాయి. రాయితో కొడితే చలికి పెళుసెక్కిన ప్లాస్టిక్ పగులుతుంది. ఫ్లాస్కులో వేడినీళ్లు ఉన్నాయి కదా అని పోయకండి, లాగ్‌బుక్ తడిసి ముద్దవుతుంది, ఆ నీళ్లే మళ్లీ గడ్డకడతాయి. జాకెట్ లోపల పది నిమిషాలు ఉంచి తిప్పండి. సంతకానికి పెన్సిలే నయం, చలికి బాల్‌పెన్ సిరా సరిగ్గా పారదు. మూయబోయే ముందు మరలు పొడిగుడ్డతో తుడవండి.

సమస్య: మీరు వచ్చేశాక ఎవరో డబ్బా ఎత్తుకెళ్లారు.

రోడ్డు నుంచి సరిగ్గా క్యాష్ దాకా ఒకే వరుస అడుగుజాడలు వదిలి వచ్చి ఉంటారు. ఈసారి డబ్బా పెట్టాక పక్కనున్న రెండు మూడు చెట్ల దాకా కూడా ఊరికే నడిచి రండి.