కొమ్మ మీది లైకెన్ పేరు తేలట్లేదా? ఎక్కడ పొరబడుతున్నారో చూడండి

ముందుగా అది లైకెనేనా, అంటే శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జంటేనా? చిట్టి ఆకులు, సన్నటి కాడ కనిపిస్తే నాచు మొక్క. గీకితే పొడిలా రాలే నారింజ పూత చాలాసార్లు ట్రెంటెపోలియా అనే శైవలం, దాన్ని పక్కన పెట్టేయండి.

నిన్న బూడిద రంగులో ఉంది, ఇవాళ పచ్చగా ఉంది

రెండూ ఒకటే. లైకెన్‌లో రెండూ కలిసి ఉంటాయి కదా, తడిస్తే పైనున్న శిలీంధ్రపు పొర పలచబడినట్టై లోపలి శైవలం పచ్చదనం బయటికి కనిపిస్తుంది. అందుకే పొడిగా ఉన్నప్పుడు ఒకసారి చూసి, నాలుగు నీటి చుక్కలు వేసి మళ్లీ చూసి, రెండు రంగులూ రాసుకోండి. ఎండ కూడా మోసం చేస్తుంది: జాంథోరియా పరియెటినా అనే లైకెన్ ఎండలో పసుపు-నారింజ, నీడలో బూడిద కలిసిన ఆకుపచ్చ. నేనైతే రంగుని ఆఖర్నే నమ్ముతాను.

పొరలా ఉందో, ఆకులా ఉందో అర్థం కావట్లేదు

కాస్త తడిపి, అంచు కింద గుండుసూది పెట్టి మెల్లగా లేపండి. లేస్తే ఆకు రకం, బెరడుతో సహా ఊడొస్తే పొర రకం. డిరినేరియా లాంటివి ఆకు రకమే అయినా బెరడుకి గట్టిగా అతుక్కుని ఉంటాయి, కాబట్టి అంచుల్లో తమ్మెలు (చెవి తమ్మెల్లాంటి గుండ్రటి చీలికలు) ఉన్నాయేమో చూడకుండా తేల్చేయకండి.

గడ్డంలా వేలాడుతోంది

తడిసిన పోగు ఒకటి తీసుకుని రెండు వైపులా లాగండి. పైతోలు తెగి లోపల రబ్బరులా సాగే తెల్లటి దారం కనిపిస్తే అస్నియా. దారం లేకుండా చదునైన రిబ్బన్లలా ఉంటే రామలినా కావచ్చు.

అన్నీ సరిపోయినా రెండు పేర్లు మిగిలాయి

పదింతలు పెంచి చూపే భూతద్దం కావాలి. పైన పొడి ఉందా, సన్నటి మొలకలున్నాయా, గిన్నెల్లాంటివి ఉన్నాయా అన్నదే తేడా. నున్నటి బెరడు మీద నల్లటి పిచ్చిగీతలుంటే గ్రాఫిస్ కుటుంబం వైపు వెళ్లండి. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే జాంథోరియా ముదురు ఎరుపుకి తిరుగుతుంది, కానీ ఆ రసాయనం చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

కొమ్మ ఎండిపోతోంది, దీనివల్లేనా?

కాదు. ఇది చెట్టు రసం పీల్చదు. ఆకులు రాలి వెలుతురు పెరిగిన కొమ్మ మీద బాగా పెరుగుతుంది, అంతే. గీకకండి, అసలు కారణం వేర్లలోనో తెగులులోనో వెతకండి.

పొర రకాల్లో చాలావాటికి బీజాంశాలను మైక్రోస్కోప్ కింద చూస్తేగానీ జాతి తేలదు. మైక్రోస్కోప్ లేకపోతే నోట్‌బుక్‌లో "గ్రాఫిస్ లాంటిది" అని రాసి ఆపేయండి.