కేరవాన్ బీడింగులు మార్చడం: ముందు నీళ్ళెక్కడ దిగుతున్నాయో పట్టుకోండి

మా బావగారు సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కేరవాన్ ట్రైలర్, అంటే బండికి తగిలించుకునే చక్రాల గది, ఒకటి మా అంబాజీపేట తోటలో ఉందండి, ఏడాదికి నాలుగైదు సార్లు బొలేరోకి తగిలించి దిండి వైపో అంతర్వేది వైపో లాక్కెళ్తాం, మిగతా రోజులన్నీ ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ అక్కడే పడుంటుంది. పోయినేడాది అక్టోబర్ ముసురుకి లోపల పరుపు మూల తడిసి ముక్కిన వాసన కొడుతుంటే తలుపు బీడింగే, అంటే అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీయే, పోయిందనుకుని రెండ్రోజులు కూర్చుని మొత్తం పీకి కొత్తది వేశాను, మళ్ళీ వానొచ్చింది, మళ్ళీ అదే మూల తడిసింది. తీరా చూస్తే పైన టాప్‌కున్న గాలికిటికీ ఫ్రేమ్ అంచు లేచిపోయి సందు పడింది, ఆ నీళ్ళు సీలింగ్ షీటు వెనకాల పాక్కుంటూ వచ్చి తలుపు దగ్గర కారుతున్నాయి.

అందుకని కత్తి పట్టే ముందు నీళ్ళ పైపు పట్టండి. తలుపులన్నీ వేసి ఒకళ్ళు టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకళ్ళు బయట మామూలు ధారతో కిందనుంచి మొదలెట్టి పైకి వెళ్ళాలి, ఒక్కోచోట అయిదేసి నిమిషాలు. పైనుంచి మొదలెడితే నీళ్ళు అన్నిటి మీదా జారి ఏది కారుతుందో బ్రహ్మదేవుడికీ తెలీదు. కార్ వాష్ ప్రెషర్ గన్ మాత్రం వద్దు, బాగున్న రబ్బర్లోంచి కూడా నీళ్ళు దూర్చేస్తుంది. అలాగే కిటికీ ఫ్రేమ్ కింద చిన్న బెజ్జాలుంటాయి, ట్రాక్‌లో పడ్డ నీళ్ళు బయటికి పోడానికి, అవి మట్టితో మూసుకుపోతే నీళ్ళు లోపలికే పొంగుతాయి. పుల్ల పెట్టి పొడిస్తే ఒక్కోసారి పైసా ఖర్చు లేకుండా పని అక్కడే అయిపోద్ది.

తలుపు రబ్బరుకి ఇంకో పరీక్ష, 10 రూపాయల నోటు. సందులో పెట్టి తలుపు మూసి లాగండి, కాస్త పట్టుగా రావాలి. చుట్టూ జానెడు జానెడు దూరంలో చూసుకుంటూ ఊరికే జారిపోయే చోట సుద్దముక్కతో గీత పెట్టుకోండి. ఒక్క మూలే వదులుగా ఉండి రబ్బరు మెత్తగా ఉంటే తప్పు దానిది కాదు, తలుపు కిందకి వాలింది, హింజ్ స్క్రూలు బిగించాలి. వేలితో నొక్కితే తిరిగి లేవకపోయినా, మడిస్తే నెర్రెలు కనపడినా మార్చాల్సిందే. మన దగ్గర రబ్బరుని చంపేది ఎండ, దాని లోపలుండే ఇనప క్లిప్పుని తినేది ఉప్పుగాలి, పాతది లాగితే నాకు క్లిప్పు తుప్పు పొడిలా రాలింది.

కొనేటప్పుడు ఫోటో చూపిస్తే చాలదండి, పాతదాంట్లో రెండంగుళాల ముక్క కోసి పట్టికెళ్ళండి. ఈపీడీఎం రబ్బరు అని అడగండి, ఎండావానలకి తట్టుకునే సింథటిక్ రబ్బరు అది. లావుదైతే ఇంకా మంచిదనుకోవద్దు, తలుపు పడదు, బలవంతంగా వేస్తే లాక్ పోద్ది. మామూలు స్పాంజి టేపు అసలొద్దు, నీళ్ళు పీల్చుకుని కూర్చుంటుంది.

పాత గమ్ముని హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి పాత ఏటీఎం కార్డుతో గీకండి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మన మంచుకి పొద్దున్నే రేకంతా చెమ్మగా ఉంటుంది, పది దాటాకే మొదలెట్టండి. అతుకు కిందవైపు రావాలి, పైన పెడితే వాన నేరుగా అందులోకే. బీడింగ్‌ని సాగదీస్తూ వేయకండి, సాగింది మళ్ళీ ముడుచుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది, కొంచెం పొడుగ్గానే కోసి రెండు కొసలూ ఒకదానికొకటి గట్టిగా నొక్కండి. గమ్‌తో అంటించే రకమైతే ఓ రోజు నీళ్ళు తగలనివ్వద్దు.

గాలికిటికీ పని వేరే. టాప్ మధ్యలో కాలు పెట్టకండి, చెక్క పరిచి దానిమీద ఎక్కండి. ఫ్రేమ్ ఊడదీసి పాతదంతా గీకి, కింద బ్యూటైల్ టేపు (ముద్దలా మెత్తగా ఉండే జిగురు టేపు) వేసి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి, పక్కలకి పొంగిన టేపు తర్వాత కోసేయొచ్చు. చాలామంది ఊడదీయకుండా పైనుంచి ట్యూబులో వచ్చే సిలికాన్ సీలెంట్ పూసేస్తారు, నేనూ ముందు అదే వెధవపని చేశాను, ఊడదీసే రోజున గంటల తరబడి గీకాల్సొచ్చింది, ఎందుకంటే పాత సిలికాన్ మీద ఇంకేదీ అంటదు. ఫ్రేమ్ తీసినప్పుడే కింద చెక్కని బొటనవేలితో నొక్కండి, మెత్తగా దిగిందంటే కుళ్ళింది, ముందు ఆ చెక్క మార్చాలి.

మూడు నెలలకోసారి రబ్బర్లకి సిలికాన్ స్ప్రే కొట్టుకోండి. గ్రీజు, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ తగిలితే ఈపీడీఎం ఉబ్బిపోద్ది. ఇంట్లో డబ్బా నిండా ఉంది కదా అని కొబ్బరినూనె కూడా రాయకండి, జిడ్డుకి దుమ్మంతా అక్కడే చేరుద్ది.

ఇంకోటి, తోటలో పెట్టేవాళ్ళు కొబ్బరిచెట్టు కింద మాత్రం పెట్టకండి. మా గాలికిటికీ మూత పగిలి ఫ్రేమ్ లేచింది బొండం పడే.