పాత పికప్‌లో ఇంజన్ మారిందా? ఆర్సీలో ఎక్కించుకునే విధానం

ఆన్‌లైన్ దరఖాస్తు సంగతి తర్వాత, ముందు బానెట్ ఎత్తండి. నేను ఆ పని చేయకుండానే ఒక పాత టాటా 207 డీఐ కొన్నాను. అమ్మినాయన "ఇంజన్ పని మొత్తం చేయించాను" అన్నాడే గానీ ఇంజనే మార్పించానని చెప్పలేదు. ఫిట్‌నెస్‌కి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ గారు టార్చి వేసి ఒక నిమిషం చూసి, "ఈ ఇంజన్ ఈ బండిది కాదు" అని ఆర్సీ నా చేతిలో పెట్టేశారు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది కాబట్టి ఇది ఎప్పుడో ఒకప్పుడు బయటపడేదే.

నంబరు చూడటం ఎలాగంటే, ఇంజన్ బ్లాక్ (ఇంజన్ ప్రధాన ఇనుప దిమ్మ) మీద రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. పోత పోసినప్పుడే ఉబ్బెత్తుగా వచ్చినవి కాస్టింగ్ నంబర్లు, అవి ఆ అచ్చులో తయారైన ఇంజన్లన్నిటికీ ఒకటే, వాటిని రాసుకొని వెళ్తే ఆఫీసులో నవ్వుతారు. పంచ్‌తో లోపలికి కొట్టినదే అసలు ఇంజన్ నంబరు. డీజిల్ పంపు మీద రేకుకి ఉన్నది పంపు నంబరు, దాన్ని వదిలేయండి. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డుని డీజిల్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, వైర్ బ్రష్ మెల్లగా వేసి, సుద్దముక్క రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. మెకానిక్ గ్రైండర్ తీస్తే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపండి, నంబరు అరిగితే తర్వాత మీరేం చెప్పినా దొంగ ఇంజన్ అనే అనుకుంటారు.

టాటా ఇంజన్లలో నంబరు మొదటి అంకెలే సగం కథ చెప్పేస్తాయి. 497 అంటే 4 సిలిండర్లు, ఒక్కో బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 97 మిల్లీమీటర్లు, మొత్తం 2956 సీసీ. 483 అంటే బోరు 83 మిల్లీమీటర్లు, 1948 సీసీ. ఆర్సీలో 1948 అని ఉండి బ్లాక్ మీద 497తో మొదలైతే కథ వేరు. నా బండిలో రెండు చోట్లా 497 ఉంది, వెనకాల అంకెలే వేరు, అంటే అదే రకం ఇంజన్. అక్కడ సగం టెన్షన్ తగ్గింది.

ఎందుకంటే మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ అయితే దారి ఉంది. 10కి తగ్గకుండా రవాణా వాహనాలున్న యజమానులకైతే ముందస్తు అనుమతి అక్కర్లేకుండా రాష్ట్ర ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వొచ్చు, మనలాంటి ఒక్క బండి వాళ్లు మాత్రం ముందే అడగాలి. మార్చాక 14 రోజుల్లోపు మీరు ఉండే చోటి రిజిస్ట్రేషన్ అధికారికి ఫీజుతో సహా ఆర్సీ ఇచ్చి చెప్పాలి. చట్టానికి విరుద్ధంగా మార్పులు చేస్తే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

కాగితాల్లో అన్నిటికన్నా గట్టిది ఇంజన్ కొన్న బిల్లు, దాని మీద ఇంజన్ నంబరు రాసి ఉండాలి. విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజన్ కొన్నా సరే, తెల్లకాగితం మీద "ఇంజన్ ఒకటి" అని రాసిస్తే తీసుకోకండి. ఏ బండి నుంచి దించారో ఆ ఆర్సీ కాపీ కూడా అడగండి. డబ్బు ఇచ్చేముందే కేంద్ర హోంశాఖ డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో నంబరు కొట్టి దొంగతనం కేసు ఉందేమో చూసుకోవచ్చు, దాని ప్రింటు తీసి జత చేయండి. ఇవి కాక ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, నంబరు మీద కాగితం పెట్టి రుద్దిన పెన్సిల్ ప్రింట్, ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు.

దరఖాస్తు రవాణా శాఖ పోర్టల్‌లో, వాహన సేవల కింద ఆల్టరేషన్ అని ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ పోర్టల్ పరివాహన్‌లో అయితే బండి నంబరు, చాసిస్ నంబరు చివరి 5 అంకెలు కొడితే ఓటీపీ వస్తుంది. అది ఆర్సీకి లింకైన మొబైల్‌కి వెళ్తుంది, పాత బండ్లలో అది రెండు చేతుల కిందటి ఓనరుదో, ఎప్పుడో పారేసిన సిమ్ముదో అయి ఉంటుంది కాబట్టి ముందు మొబైల్ నంబరు మార్పించుకోండి. ట్యాక్స్ బాకీ, చలాన్లు కట్టేయండి. ఫీజు కట్టి స్లాట్ తీసుకుని బండితో వెళ్తే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ నంబరు సరిచూస్తారు. ముందురోజే కడిగించి పెట్టండి, ఆయన మీ జిడ్డు తుడవరు.

నాలాగా పాత ఓనరు చేసిన మార్పు నెత్తిన పడితే 14 రోజులు ఎప్పుడో దాటి ఉంటాయి. దాచకుండా, ఎప్పుడు కొన్నారో, ఎప్పుడు తెలిసిందో రాసి, అమ్మినాయన దగ్గర పాత బిల్లు రాబట్టి వెళ్లండి. బ్లాక్ మీద నంబరే లేకపోతే ఎవరో చెప్పారని సొంతంగా పంచ్ కొట్టించొద్దు, ముందు ఆఫీసులో అడగాలి.

కొత్త ఆర్సీ వచ్చాక ఇన్సూరెన్స్ వాళ్లకి పంపి పాలసీలో నంబరు మార్పించుకోండి, యాక్సిడెంట్ అయితే సర్వేయర్ మొదట చూసేది అదే. ఆర్సీ అందగానే పెన్సిల్ ప్రింట్ పక్కన పెట్టి అంకె అంకె చదువుకోండి. నాదాంట్లో ఒక 8 బదులు 3 పడింది, కౌంటర్ దాటకముందే చూశాను కాబట్టి అప్పుడే దిద్దించుకున్నాను.