పచ్చళ్ళ ఆన్‌లైన్ దుకాణానికి షిప్పింగ్ ఛార్జీలు పెట్టుకోవడం ఎలా

షిప్పింగ్ సెట్టింగ్స్ పేజీ తెరవడానికి ముందు కాటా తీయండి. ఆన్‌లైన్లో పచ్చళ్ళు అమ్మేవాళ్ళకు నష్టం ఎక్కువగా వచ్చేది బరువు దగ్గరే. అరకిలో ఆవకాయ డబ్బా అరకిలో స్లాబులో, అంటే కొరియర్ ధర కట్టే బరువు మెట్టులో, ఎప్పటికీ పోదు. పచ్చడి 500 గ్రాములు, ప్లాస్టిక్ డబ్బా, మూత, దాని మీద తొడిగే పాలిథిన్ కవరు, బబుల్ ర్యాప్ అన్నీ కలిపి 570 దాకా తూగుతుంది. అట్టపెట్టె, టేపు మరో 150 నుంచి 200. మొత్తం 700 గ్రాములు దాటింది కాబట్టి కొరియర్ కంపెనీ కిలో స్లాబుకు బిల్లు వేస్తుంది. సైట్లో అరకిలో ధర పెట్టుకున్నవాళ్ళు ప్రతి ఆర్డరుకూ ఆ తేడా జేబులోంచి కడుతుంటారు.

ఇక్కడ చెప్పే పద్ధతి వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్‌తో (ఆన్‌లైన్ దుకాణం నడిపే ప్లగిన్) నడిచే సైటుకు. దుకాణం రాజమహేంద్రవరంలో ఉందని, పచ్చళ్ళు, పొడులు, పూతరేకులు అమ్ముతుందని అనుకుందాం.

ముందు బరువులు

వూకామర్స్ సెట్టింగ్స్‌లో ప్రోడక్ట్స్ ట్యాబ్‌లో బరువు యూనిట్ ఏముందో చూడండి. అది కిలోల్లో ఉండగా 570 అని కొడితే సైటు దాన్ని 570 కిలోలనుకుంటుంది. మనం కిలోల్లోనే ఉంచుకుని 0.57 అని రాద్దాం.

ప్రతి వస్తువుకూ, ప్రతి సైజుకూ విడివిడిగా బరువు నింపాలి. పావుకిలో, అరకిలో, కిలో అని వేరియేషన్లు పెట్టినప్పుడు వేరియేషన్ వేరియేషన్‌కూ ఒక బరువు గడి ఉంటుంది. ఏదైనా ఖాళీగా వదిలితే ప్రధాన వస్తువు బరువు తీసుకుంటుంది. అక్కడా లేకపోతే సున్నా. అలా బరువు లేని కిలో గోంగూర పదిసార్లు కార్టులో వేసినా అన్నిటికంటే చవక స్లాబే పడుతుంది.

పూతరేకుల లెక్క వేరు. అవి తేలిక, కానీ చోటు ఎక్కువ తింటాయి. కొరియర్ వాళ్ళు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. కొన్ని కంపెనీలు భాగించే అంకె ఇంకా చిన్నది, రేట్ కార్డులో చూసుకోండి. 25 × 20 × 15 పెట్టె అయితే 7500ను 5000తో భాగించాలి, అంటే ఒకటిన్నర కిలో. కాటా మీద 600 గ్రాములే చూపించినా బిల్లు ఒకటిన్నర కిలోకే వస్తుంది. కాబట్టి పూతరేకుల బరువు గడిలో 1.3 అని రాయండి, పెట్టెకు 200 గ్రాములు కింద రేటు పట్టికలో ఎలాగూ కలుస్తాయి. రెండు అంకెల్లో ఏది పెద్దదైతే అదే అసలు బరువు.

జోన్లు: రాష్ట్రం పేరుతో కాదు, పిన్‌కోడ్‌తో

జోన్ అంటే ఒకే ఛార్జీల పట్టిక వర్తించే ప్రాంతం. సెట్టింగ్స్‌లో షిప్పింగ్, అందులో షిప్పింగ్ జోన్స్, యాడ్ జోన్. అక్కడ ప్రాంతంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎంచుకుని వదిలేయాలనిపిస్తుంది. అలా చేయకండి. యానాం పిన్‌కోడ్ 533464, చుట్టూ ఉన్నదంతా గోదావరి జిల్లాలే, కానీ రాష్ట్రం గడిలో కొనేవాళ్ళు పుదుచ్చేరి అని ఎంచుకుంటారు. మీ ఊరికి అంత దగ్గరలో ఉన్నవాళ్ళకు ఢిల్లీ రేటు చూపిస్తే ఆర్డరు పోయినట్టే. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం వైపు పిన్‌కోడ్లు రాష్ట్రం మారినప్పుడు 507తోనే మొదలయ్యేవి. రాష్ట్రం పేరు ఒకటి, తపాలా దారి ఒకటి. కొరియర్ రేటును నిర్ణయించేది పిన్‌కోడే.

అందుకే ప్రాంతంగా ఇండియా పెట్టి, కింద ఉన్న పిన్‌కోడ్ల పరిమితి గడి తెరిచి, వరుసకొకటిగా ఇలా రాయండి: 50*, 51*, 52*, 53*. నక్షత్రం గుర్తుకు ‘ఆ తర్వాత ఏ అంకెలైనా సరే’ అని అర్థం. 50 తెలంగాణది, 51 నుంచి 53 వరకు ఆంధ్రవి, యానాం కూడా అందులోకే వస్తుంది. కామాలు పెట్టకుండా ఒక్కో లైనులో ఒక్కటే రాయాలి.

జోన్లను సైటు పైనుంచి కిందికి చూస్తుంది. మొదట సరిపోయిన జోన్ దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాతవి చూడదు. కాబట్టి చిన్న ప్రాంతం పైన, పెద్ద ప్రాంతం కింద ఉండాలి. మన దుకాణానికి వరుస ఇలా పెట్టండి.

మొదటిది ఊరి జోన్. మీ మనిషి బండి మీద ఇచ్చి రాగల పిన్‌కోడ్లు మాత్రమే పూర్తిగా రాయండి, 533101, 533103 లాంటివి. రెండోది పైన చెప్పిన తెలుగు రాష్ట్రాల జోన్.

మూడోది సైనిక చిరునామాలది, అందులో 9* అని ఒక్కటే రాయాలి. 9తో మొదలయ్యే పిన్‌కోడ్లన్నీ ఆర్మీ తపాలావి. ప్రైవేటు కొరియర్లు అక్కడికి వెళ్ళవు, తపాలా శాఖ ఒక్కటే దారి. మన జిల్లాల నుంచి సైన్యంలో ఉన్నవాళ్ళు తక్కువేం కాదు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు పచ్చడి పంపమని అడుగుతారు. ఈ జోన్‌లో స్పీడ్ పోస్టు ఒక్కటే పెట్టండి. స్పీడ్ పోస్టు ధరలు 2025 అక్టోబర్ 1 నుంచి మారాయి, పాత పట్టిక చూసి రాయకండి.

నాలుగోది దూర ప్రాంతాలది: 78*, 79* ఈశాన్య రాష్ట్రాలకు, 737* సిక్కింకు, 18*, 19* జమ్ము కశ్మీర్, లడఖ్‌లకు, 744* అండమాన్‌కు. లక్షద్వీప్‌కు 682* అని రాస్తే కొచ్చి కూడా అందులో పడిపోతుంది. 682551...682559 అని రెండు పిన్‌కోడ్ల మధ్య మూడు చుక్కలు పెట్టి హద్దు చెప్పాలి.

ఐదోది మిగతా ఇండియా, పిన్‌కోడ్ పరిమితి లేకుండా. అట్టడుగున సైటు తనంతట తానే పెట్టే ‘ఏ జోన్‌లోనూ లేని ప్రాంతాలు’ అనే వరుస ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలండి. అందులో ఏదైనా ఛార్జీ పెడితే కెనడా నుంచి కూడా 90 రూపాయల షిప్పింగ్‌తో ఆర్డరు రావచ్చు.

వేరే రాష్ట్రాల జోన్లు తెరిచే ముందు జీఎస్టీ సంగతి తేల్చుకోండి. ఆదాయం ఎంత తక్కువైనా, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది, పచ్చళ్ళకు లేదు. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. పన్ను లెక్కకు మాత్రం రాష్ట్రమే ముఖ్యం, కాబట్టి యానాం ఆర్డరు కొరియర్ రేటులో మనదైనా పన్నులో పుదుచ్చేరిదే. షిప్పింగ్ ఛార్జీకి సరుకు మీద ఉన్న పన్ను రేటే పడుతుంది. ట్యాక్స్ ట్యాబ్‌లో షిప్పింగ్ ట్యాక్స్ క్లాస్‌ను కార్టులోని వస్తువులను బట్టి ఉండేలా ఎంచుకోండి.

రేటు పట్టిక

వూకామర్స్‌తో వచ్చే ఫ్లాట్ రేట్‌కు (ఒకే స్థిర ధర) బరువు తెలియదు. ఫ్లెక్సిబుల్ షిప్పింగ్ అనే ప్లగిన్ ఉచిత వెర్షన్‌లోనే బరువు స్లాబులు ఉన్నాయి. అది ఇన్‌స్టాల్ చేసి, జోన్‌లో యాడ్ షిప్పింగ్ మెథడ్ నొక్కి ఎంచుకుంటే వరుసల పట్టిక ఒకటి వస్తుంది: ఎంత బరువు నుంచి ఎంత వరకు, ఎంత ధర.

ఉదాహరణకు తెలుగు రాష్ట్రాలకు మీ కొరియర్ మొదటి అరకిలోకు 45, ఆపై ప్రతి అరకిలోకు 35 తీసుకుంటుందనుకోండి. దాని మీద 18 శాతం జీఎస్టీ కలపడం మరిచిపోకండి. ఇంధనం సర్‌ఛార్జీ రేటులో కలిసి ఉందో విడిగా వేస్తారో కూడా రాతపూర్వకంగా అడగండి.

కార్టు బరువులో అట్టపెట్టె ఉండదు. దానికి ఒక చిన్న ఉపాయం ఉంది: స్లాబు హద్దులనే 200 గ్రాములు వెనక్కి జరపండి. అరకిలో స్లాబు హద్దు 0.3 దగ్గర, కిలో స్లాబు 0.8 దగ్గర, ఒకటిన్నర 1.3 దగ్గర, రెండు కిలోలది 1.8 దగ్గర ముగియాలి. అప్పుడు వరుసలు ఇలా వస్తాయి:

0 నుంచి 0.3 వరకు 55 రూపాయలు
0.301 నుంచి 0.8 వరకు 95
0.801 నుంచి 1.3 వరకు 140
1.301 నుంచి 1.8 వరకు 180
1.801 నుంచి 2.3 వరకు 220

0.57 తూగే అరకిలో డబ్బా ఒకటి రెండో వరుసలో, రెండు డబ్బాలు మూడో వరుసలో, మూడు డబ్బాలు నాలుగో వరుసలో పడతాయి. పెట్టెతో కలిపి కొరియర్ వేసే బిల్లుకూ దీనికీ తేడా ఐదు రూపాయలకు మించదు. రెండో వరుసను 0.3 నుంచి కాక 0.301 నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఒకే బరువు రెండు వరుసలకూ సరిపోతే ఈ ప్లగిన్ రెండు ధరలనూ కూడేస్తుంది. పట్టికను పెళ్ళి ఆర్డర్ల బరువు దాకా, కనీసం 20 కిలోల వరకు పొడిగించండి. వరుసలు మధ్యలో ఆగిపోతే పెద్ద ఆర్డరు వచ్చిన రోజే చెక్అవుట్ ఆగిపోతుంది.

తెలుగు రాష్ట్రాల జోన్‌లో ఇంకో మెథడ్ కూడా పెట్టండి: ఆర్టీసీ కార్గో. ఐదు కిలోలు దాటిన పార్శిళ్ళకు దాని ధరను కొరియర్ ధరతో పోల్చి చూడటం మంచిది. పేరులోనే ‘ఆర్టీసీ కార్గో, మీ బస్టాండు కౌంటర్లో తీసుకోవాలి’ అని రాయండి. ఉత్త ‘కార్గో’ అని రాస్తే ఇంటికి వస్తుందని ఎదురుచూసి ఫోన్లు చేస్తారు. మెథడ్ పేరులో రోజులు కూడా చెప్పండి, కానీ పచ్చడి కలిపే రోజులు అందులో కలిపి చెప్పండి.

ఉచిత డెలివరీ ఎప్పుడు గిట్టుతుంది

ఆర్డరు పెద్దదయ్యేకొద్దీ షిప్పింగ్ భారం తగ్గుతుందనే నమ్మకం చీరల విషయంలో నిజం. పచ్చళ్ళకు అది కొంత దూరమే నిజం. అరకిలో డబ్బా 350 రూపాయలనుకుంటే ఒక డబ్బాకు జీఎస్టీతో కలిపి కొరియర్ బిల్లు సరుకు ధరలో 27 శాతం, రెండింటికి 19, మూడింటికి 17, నాలుగింటికి 16. ఆరు డబ్బాలు, 2100 రూపాయల ఆర్డరుకు వెళ్ళినా 16 దగ్గరే ఉంటుంది. ధర పెరిగినంతా బరువూ పెరుగుతుంది కదా. అంటే 999 పెట్టినా 1999 పెట్టినా ఉచితం చేయడానికి ప్రతి వందలో 16, 17 రూపాయలు మీరే భరించాలి. ఆ మిగులు లేకపోతే ఉచితం పెట్టకండి. పెట్టితీరాలనుకుంటే ఒక్కో డబ్బా మీద 30, 40 రూపాయలు పెంచి, మూడు డబ్బాల ధర దగ్గర హద్దు పెట్టి, తెలుగు రాష్ట్రాల జోన్‌కు మాత్రమే ఇవ్వండి.

వూకామర్స్ ఫ్రీ షిప్పింగ్‌ను విడి మెథడ్‌గా చేరిస్తే చెక్అవుట్‌లో ఉచితం, 180 రూపాయలు రెండూ పక్కపక్కన కనబడి కొనేవాళ్ళను తికమకపెడతాయి. దానికి బదులు ఫ్లెక్సిబుల్ షిప్పింగ్ మెథడ్‌లోనే ఉన్న ఫ్రీ షిప్పింగ్ గడిలో హద్దు మొత్తం రాస్తే ఆ ఛార్జీయే సున్నా అవుతుంది.

క్యాష్ ఆన్ డెలివరీ

పార్శిల్ తిరిగొస్తే రెండువైపులా ఛార్జీ మీదే. రెండు డబ్బాల ఆర్డరుకు కొరియర్ బిల్లు పోనూ 136, రానూ దాదాపు అంతే, పైగా రెండు వారాలు గోడౌన్ల వేడిలో తిరిగొచ్చిన పచ్చడిని మరొకరికి అమ్మకూడదు. అందుకే ఈ సౌకర్యాన్ని దేశమంతా తెరవకండి. పేమెంట్స్‌లో క్యాష్ ఆన్ డెలివరీ తెరిస్తే ఏ షిప్పింగ్ మెథడ్‌లకు ఇది పనిచేయాలో ఎంచుకునే గడి ఉంటుంది. ఊరి జోన్, కావాలంటే తెలుగు రాష్ట్రాల కొరియర్, అంతవరకే చాలు. ఆ గడి ఖాళీగా ఉంటే అన్నిటికీ వర్తిస్తుంది.

విదేశాల జోన్ ఇప్పుడే వద్దు

జనరల్ ట్యాబ్‌లో షిప్పింగ్ దేశంగా ఇండియా ఒక్కటే ఉంచండి. అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు పార్శిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేసింది. అమ్మకానికి పంపే తినుబండారాలకు అక్కడి ఎఫ్‌డీఏకు (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) ముందస్తు సమాచారం ఇవ్వాలి. చికెన్, మటన్ పచ్చళ్ళను అసలు పంపకూడదు. ఇవన్నీ ఒక పట్టికలో ఇమిడేవి కావు. అట్లాంటా నుంచో డాలస్ నుంచో ఎవరైనా అడిగితే వాట్సాప్‌లో మాట్లాడి, సుంకం ఎవరు కడతారో తేల్చుకుని, విడిగా బిల్లు వేయండి.

పరీక్ష

షిప్పింగ్ సెట్టింగ్స్‌లో డీబగ్ మోడ్ ఆన్ చేయండి. చెక్అవుట్‌లో చిరునామా ఏ జోన్‌లో పడిందో పేరుతో సహా చూపిస్తుంది, పాత ధరలు గుర్తుపెట్టుకుని చూపించడం కూడా ఆగుతుంది. బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, ఒక డబ్బాతో, మూడు డబ్బాలతో, పూతరేకుల పెట్టెతో, 15 కిలోల కార్టుతో ఈ పిన్‌కోడ్లు వేసి చూడండి: 533101, రాష్ట్రం పుదుచ్చేరిగా 533464, హైదరాబాద్ 500001, కొచ్చి 682001, గువాహటి 781001, 9తో మొదలయ్యే ఏదైనా ఆర్మీ పిన్‌కోడ్. కొచ్చి మిగతా ఇండియాలో, గువాహటి దూర ప్రాంతాల్లో పడాలి. పని అయ్యాక డీబగ్ ఆపేయండి, లేకపోతే ఆ సందేశాలు కొనేవాళ్ళకూ కనబడతాయి.

సైటు తెరిచాక మొదటి నెల కొరియర్ బిల్లును ఆర్డర్ల పట్టిక పక్కన పెట్టి చూడండి. బిల్లులో బరువు ఎక్కువ పడిన ఆర్డర్లే ముందు తేల్చాలి. అభ్యంతరం చెప్పడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. పెట్టె మూసిన ప్రతిసారీ కాటా మీద అంకె కనబడేలా ఒకటి, టేపుతో మూడు వైపులా కొలతలు కనబడేలా ఒకటి, చిరునామా స్టిక్కరుతో ఒకటి ఫొటోలు తీసి ఆర్డరు నంబరు పేరుతో దాచుకోండి. ఒకే వస్తువుకు మళ్ళీ మళ్ళీ తేడా వస్తుంటే ఆ వస్తువు బరువు గడినే సరిదిద్దండి.