నీటిపిల్లి సంరక్షణ – మూడవ పాఠం: చెరువు గట్టు మీద అడుగుజాడలు చదవడం

చేపల రైతుతో, చెరువు కాపలాదారుతో మాట కలిపే పద్ధతిని గత పాఠంలో నేర్చుకున్నాం. ఇప్పుడు వారితో కలిసి గట్టు మీద నడుస్తూ, రాత్రి వచ్చి వెళ్లిన జంతువు ఏదో బురదలోని జాడను బట్టి తేల్చుకోవడం నేర్చుకుందాం. చేపలు తగ్గాయనగానే నింద నీటిపిల్లి మీద, అంటే చేపలు పట్టి తినే ఒక అడవిపిల్లి మీద పడుతుంది. ఆ నిందే కొన్నాళ్లకు ఉచ్చుగానో విషపు ఎరగానో మారుతుంది. గోదావరి డెల్టాలో బావురుపిల్లి అని పిలిచే ఈ జంతువు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంది. అయితే ఈ డెల్టాలోని కోరింగ అభయారణ్యం 235.7 చదరపు కిలోమీటర్లే. పిల్లికి ఆ సరిహద్దు తెలియదు. అభయారణ్యం దాటి వచ్చిన పిల్లికి చెరువు యజమాని నమ్మకమే రక్షణ కాబట్టి, జాడ చదవడం ఆయనకే రావాలి.

తెల్లవారగానే, ఎండ ముదరకముందే, మనుషులూ పశువులూ గట్టు తొక్కకముందే బయలుదేరండి. మడ అడవుల పక్కనున్న కాలువ ఒడ్డున అయితే పాటు మొదలై నీరు తీసిన తరువాత వెళ్లాలి; పోటు నీరు పాత జాడలను చెరిపేస్తుంది కనుక, అక్కడ కనిపించే ప్రతి ముద్రా ఆ పోటు తరువాత పడినదే. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే జంతువు వచ్చిన వేళ కూడా దాదాపుగా తెలిసిపోతుంది.

మొదట వేళ్లు లెక్కపెట్టండి. అయిదు వేళ్లు స్పష్టంగా పడితే అది నీటికుక్క (ఆటర్). అది తరచుగా గుంపుగా తిరుగుతుంది, ఒకే చోట మలవిసర్జన చేస్తుంది, ఆ మలంలో చేప పొలుసులూ ముళ్లూ కనిపిస్తాయి. నాలుగు వేళ్లే ఉంటే నక్క, కుక్క, పిల్లి ఈ మూడింటిలో ఒకటి కావచ్చు. గోళ్ల గుర్తు ఉంటే కుక్కజాతి, లేకుంటే పిల్లిజాతి అని సాధారణంగా చెబుతారు. నీటిపిల్లి దగ్గర ఆ సూత్రం పొరపాటుకు దారి తీస్తుంది. దాని గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. మెత్తని బురదలో వాటి గాట్లు పడవచ్చు. అందుచేత గోళ్లను పక్కన పెట్టి ఆకారాన్ని చూడండి. నక్క ముద్ర కోలగా ఉంటుంది, నడిమి వేళ్లు రెండూ దాదాపు సమంగా ముందుకు ఉంటాయి. పిల్లి ముద్ర గుండ్రంగా ఉంటుంది, నడిమి వేళ్లలో ఒకటి రెండవదానికంటే కొంచెం ముందుకు జరిగి ఉంటుంది, అరికాలి మెత్త వెనుక అంచు మూడు ఉబ్బులుగా కనిపిస్తుంది. వేళ్ల మధ్య పలుచని పొర గుర్తు కూడా కనిపిస్తే అది అదృష్టమే, చాలాసార్లు కనిపించదు.

ఒక్క ముద్రను చూసి నిర్ణయానికి రావద్దు. ఒకే నడక వరుసలో నాలుగైదు ముద్రలు చూసి, పక్కన కొలబద్ద పెట్టి, సరిగ్గా పైనుంచి ఫోటో తీయండి. పొడవు, వెడల్పు, బురద ఎంత మెత్తగా ఉందో, ఏ వేళ చూశారో పుస్తకంలో రాయండి. జారుడు బురదలో ముద్ర అసలుకంటే పెద్దదిగా కనిపిస్తుంది. జంగపిల్లి అనే మరో అడవిపిల్లి ముద్ర సాధారణంగా చిన్నదే గానీ, ఎదుగుతున్న నీటిపిల్లి ముద్రతో కలిసిపోతుంది. సందేహం ఉన్నచోట ‘పిల్లిజాతి’ అని మాత్రమే రాయడం నిజాయితీ.

ఇంకొక మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ అన్యాయం ఇక్కడే జరుగుతోందని నా నమ్మకం. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళ ఊపిరాడక తేలిన చేపను పిల్లి తీసుకుపోతే, ఉదయం గట్టు మీద మిగిలేది పిల్లి జాడే. కాబట్టి జాడతో పాటు ఆ రోజు నీటి మీద తేలిన చేపల సంఖ్యను, వాటి ఒంటి మీద గాయాలు ఉన్నదీ లేనిదీ కాపలాదారు చేతనే రాయించండి.

అభ్యాసం: ఒకే గట్టును వరుసగా ఏడు ఉదయాలు కాపలాదారుతో కలిసి నడవండి. మీరిద్దరూ ఒకరినొకరు అడగకుండా జాడను విడివిడిగా గుర్తించి రాసి, తరువాత పుస్తకాలు పోల్చుకోండి. ఎక్కడ తేడా వచ్చిందో ఆ ఫోటోలను దాచి ఉంచండి. అటవీశాఖ అనుమతితో కెమెరా అమర్చడం గురించిన నాలుగవ పాఠాన్ని ఆ గట్ల దగ్గరే మొదలుపెడతాం.