ప్రభుత్వం ఇచ్చే మూడు చక్రాల స్కూటీకి ఎలా అప్లై చేయాలి?

దివ్యాంగులకు ఉచితంగా ఇచ్చే ఈ బళ్లకి ఏడాది పొడవునా దరఖాస్తులు తీసుకోరు. ప్రకటన వచ్చాక ఉండేది కొద్ది రోజుల గడువే. కాగితాలు అప్పుడు మొదలుపెడితే అందవు. పోటీ కూడా ఎక్కువే: నియోజకవర్గానికి 10 చొప్పున ఇస్తే, 8 నియోజకవర్గాలున్న శ్రీకాకుళం జిల్లా మొత్తానికి వచ్చేవి 80.

ముందు మీ వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ తీసి చూడండి. పింఛనుకి 40 శాతం చాలు గానీ, గత ప్రకటనల్లో ఈ బండికి 70 శాతం అడిగారు. వయసు 18 నుంచి 45, కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు. శాతం మీద అనుమానం ఉన్నా, సర్టిఫికెట్ గడువు తీరిపోతున్నా ఇప్పుడే సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోండి. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు, ఆదాయ ధ్రువపత్రం, చదువు సర్టిఫికెట్లు, సొంత పని చేసుకునేవాళ్లయితే దాని రుజువు ఒకే ఫైల్లో పెట్టుకోండి.

అసలు చిక్కంతా లైసెన్సు దగ్గరే. బండి లేనిదే టెస్టు ఎలా ఇవ్వాలి, లైసెన్సు లేనిదే బండి ఎలా వస్తుంది? ఇప్పటికే ఇలాంటి స్కూటీ నడుపుతున్నవాళ్లు మీ మండలంలో ఎవరున్నారో కనుక్కోండి. వాళ్ల బండి మీదే నేర్చుకుని, టెస్టుకీ అదే అడగండి. ఎల్‌ఎల్‌ఆర్‌ (నేర్చుకునేటప్పటి లైసెన్సు) అడాప్టెడ్ వెహికల్, అంటే దివ్యాంగుల కోసం మార్చిన బండి తరగతికే తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది, టెస్టు మాత్రం 30 రోజులు గడిచాకే. అంటే ఎంత తొందరపడ్డా నెల పైనే పడుతుంది.

ప్రకటన రాగానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి, ప్రింటు ఉంచుకోండి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లు దాటుతుంది, బస్సు మెట్లెక్కడమే ఒక పెద్ద పని. అందుకే విభిన్న ప్రతిభావంతుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసుకి ఫోన్ చేసి, రావాలంటేనే వెళ్లండి. పేరు రాయిస్తామని డబ్బులడిగేవాళ్లకి రూపాయి ఇవ్వొద్దు. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

70 శాతం లేకపోయినా దారి మూసుకుపోదు. దివ్యాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్రం అడిప్ పథకం కింద, వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలింకో పెట్టే శిబిరాల్లో ట్రైసైకిళ్లు ఇస్తారు, అక్కడ 40 శాతం నుంచీ అర్హతే. బ్యాటరీ బండికి మాత్రం వైకల్యం ఇంకా ఎక్కువ ఉండాలి.

బండి చేతికొచ్చే రోజు ఫొటోల హడావుడి ఎలాగూ ఉంటుంది. ఆ సందట్లోనే పక్క చక్రాల బోల్టులు, బ్రేకు చూసుకోండి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు మీ పేరు మీదే ఉన్నాయో లేదో చూశాకే సంతకం పెట్టండి.