సీతాకోకచిలుక చెవుల పాపియాన్‌ను ఇంట్లో పెంచడం ఎలా?

మా చిట్టి పాపియాన్ అనే చిన్న జాతి కుక్క. దాని పట్టీకి ఒక మువ్వ వేలాడుతూ ఉంటుంది. ముద్దు కోసం కట్టింది కాదు. చిట్టి మా ఇంటికి వచ్చిన రెండో వారంలో మా అత్తగారు సాంబారు గిన్నెతో పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగారు. కాళ్ల దగ్గర అది నిలబడి ఉందని ఆవిడకు తెలియదు. ఆవిడ గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు, సాంబారు నేలపాలైంది, చిట్టి సోఫా కిందికి దూరి సాయంత్రం దాకా బయటకు రాలేదు. మర్నాడు అత్తగారే పాత కాలి పట్టీల నుంచి ఒక మువ్వ ఊడదీసి, "కంటికి ఆనకపోతే చెవికైనా తెలియాలి కదమ్మా" అంటూ దానికి కట్టారు.

పాపియాన్ భుజం దాకా కొలిస్తే 20 నుంచి 28 సెంటీమీటర్లే ఉంటుంది. బరువు మూడు నాలుగు కిలోలు, అంటే ఇంచుమించు అప్పుడే పుట్టిన పసిపాప బరువు. ఈ కుక్కతో వచ్చే చిక్కులు చాలావరకు ఆ ఎత్తు దగ్గరే మొదలవుతాయి. దాని బుద్ధికి మాత్రం ఆ కొలత తెలియదు. తన కంటే పదింతలు పెద్ద కుక్క మీదికి కూడా మొరుగుతూ వెళుతుంది.

ఫ్రెంచి భాషలో పాపియాన్ అంటే సీతాకోకచిలుక. నిక్కబొడుచుకుని, కుచ్చులతో రెక్కల్లా విచ్చుకునే చెవులను చూసి ఆ పేరు పెట్టారు. ఇదే జాతిలో చెవులు కిందికి వాలే రకాన్ని ఫలెన్ అంటారు, అది దీపం చుట్టూ తిరిగే రాత్రి పురుగు పేరు. ఒకే ఈతలో రెండు రకాల పిల్లలూ పుట్టవచ్చు. ఫ్రాన్సు, బెల్జియం దేశాలను దీని పుట్టినిల్లుగా చెబుతారు. 1999లో అమెరికాలోని వెస్ట్‌మిన్‌స్టర్ కుక్కల పోటీలోనూ, 2019లో ఇంగ్లండులోని క్రఫ్ట్స్ పోటీలోనూ అన్ని జాతులనూ దాటి మొదటి బహుమతి గెలిచింది పాపియాన్‌లే.

తెచ్చుకునే ముందు

తల్లిని కళ్లారా చూడకుండా పిల్లను కొనకండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని మన దేశపు నిబంధనలే చెబుతున్నాయి. ఇంత చిన్న జాతికి మరో రెండు మూడు వారాలు తల్లి దగ్గరే ఉంటే ఇంకా మంచిది. తల్లిదండ్రుల మోకాలి చిప్పలనూ కళ్లనూ పశువైద్యుడు పరీక్షించాడా అని అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునే చోట కొనవద్దు. టీకప్పులో పట్టేంత చిన్నదని మురిపించే ప్రకటనలను అసలు నమ్మవద్దు, మరీ చిన్న కుక్కకు జబ్బులు ఎక్కువ. ఇవి 14 నుంచి 16 ఏళ్లు బతుకుతాయి. ఇప్పుడు ఒకటో తరగతి చదివే పిల్లవాడు కాలేజీకి వెళ్లేనాటికి కూడా దాన్ని చూసుకోవలసింది మీరే.

మొదటి పని: నేల మీద కూర్చుని ఇల్లు చూడండి

హాలు మధ్యలో బోర్లా పడుకుని చుట్టూ చూడండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. బాల్కనీ చువ్వల మధ్య సందు మీ పిడికిలి పట్టేంత ఉంటే కుక్కపిల్ల తల కూడా పట్టవచ్చు, అక్కడ వల కట్టించండి. సోఫా వెనక వేలాడే చార్జర్ తీగలు, పరుపు కింద పడిన మాత్రలు, గాలికి దభాలున మూసుకునే తలుపులు అప్పుడే కనబడతాయి.

అసలు ప్రమాదం సోఫా, మంచం. పాపియాన్ ముందు కాళ్ల ఎముకలు మన చిటికెన వేలి కంటే సన్నగా ఉంటాయి. అది ఎక్కేటప్పుడు ఫరవాలేదు, దూకినప్పుడే విరుగుతాయి. సోఫా పక్కన ఒక మెట్టు గానీ గట్టి దిండు గానీ వేసి, దాని మీదుగా దిగడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. నున్నటి టైల్స్ మీద పరుగెత్తే కుక్క కాళ్లు పక్కలకు జారిపోతాయి, మోకాళ్లకు అది మంచిది కాదు. అది ఎక్కువగా తిరిగే దారిలో పాత తివాచీలు పరిచాం. ఇల్లు అందంగా లేదని చుట్టాలు అన్నారు. నిజమే, లేదు.

పిల్లలకు ఎత్తుకోవడం నేర్పండి

ఇంట్లో ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలుంటే ఒకే నియమం పెట్టండి: నిలబడి కుక్కను ఎత్తుకోకూడదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే అదే వచ్చి ఒళ్లో ఎక్కుతుంది. పెద్దవాళ్లు ఎత్తేటప్పుడు ఒక చేయి రొమ్ము కింద, మరో చేయి పిరుదుల కింద పెట్టి, ఒంటికి ఆనించి పట్టుకోవాలి. ముందు కాళ్లు పట్టి లేపకూడదు. అది పడుకున్నప్పుడు, తింటున్నప్పుడు పిల్లలను దగ్గరికి పోనివ్వకండి. ఈ జాతి సాధారణంగా కరవదు, అయినా నొప్పి పెడితే ఏ కుక్కయినా కరుస్తుంది.

తిండి కొలిచి పెట్టండి

మూడు కిలోల పాపియాన్‌కు రోజుకు సుమారు 200 నుంచి 250 కేలరీలు చాలు. ఒక్క మారీ బిస్కెట్ అందులో పదోవంతు. ఉదయం తాతయ్య ఒకటి, బడి నుంచి వచ్చి పాప ఒకటి, రాత్రి మీరు ఒకటి పెడితే దాని భోజనంలో మూడోవంతు బిస్కెట్లతోనే సరి. అందుకే మేము పొద్దున్నే రోజంతటి తాయిలాన్ని ఒక చిన్న డబ్బాలో వేస్తాం. డబ్బా ఖాళీ అయితే ఎవరు పెట్టాలన్నా లేదు.

మూడు నెలల లోపు పిల్లకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు పెట్టండి. చిన్న పిల్లలు ఎక్కువసేపు ఆకలితో ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలుతూ నడిచినా, వణికినా, పిలిచినా పలకకపోయినా చిగుళ్లకు కాస్త తేనె రాసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. అంటే మన పప్పు, కూర, పులుసు ఏవీ పనికిరావు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దు, పాయసంలో కిస్‌మిస్ ఉంటుందని పండుగ రోజు గుర్తుంచుకోండి. ఉడికిన కోడి ఎముక చీలికలై పేగులకు గుచ్చుకుంటుంది.

మూత్రం సంగతి

చిన్న కుక్కకు చిన్న మూత్రాశయం. నిద్ర లేవగానే, తిన్న పది నిమిషాలకు, ఆట ఆగగానే ఒకే చోటికి తీసుకెళ్లండి. అక్కడ పని కాగానే మెచ్చుకుని తాయిలం ఇవ్వండి. తప్పు చేసినప్పుడు ముక్కు నేలకు రుద్దడం పాత పద్ధతి, దానివల్ల చాటుగా పోయడం తప్ప ఏమీ నేర్చుకోదు. వర్షాకాలంలో అది గుమ్మం దాటనంటుంది, అప్పటికి ఒక ట్రేలో కాగితాలు వేసి ఉంచండి. ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరే వరకు దాన్ని అటు రానివ్వకండి, పాదాలు నాకుతుంది.

దాని బుర్రకు పని పెట్టండి

చాలామంది ఇక్కడే పొరబడతారు. దీన్ని ఒళ్లో కూర్చునే బొమ్మ అనుకుంటారు. లిఫ్టు చప్పుడు, పక్కింటి చెప్పుల చప్పుడు, కొరియర్ అబ్బాయి గొంతు, దేనికైనా మొరుగుతుంది. ఏ పనీ లేని పాపియాన్‌కు కాపలాయే ఉద్యోగం. తిడితే మనం కూడా దానితో కలిసి మొరుగుతున్నామని అనుకుంటుందేమో, గొంతు ఇంకా పెంచుతుంది. మా ఇంట్లో పనిచేసింది ఇది: గంట మోగగానే తన చాప మీదికి వెళ్లి కూర్చోవడం. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, ఇంట్లో ఒకరు గంట కొట్టి మరొకరు చాప దగ్గర తాయిలం ఇచ్చారు. మూడు వారాలు పట్టింది. ఇప్పుడు గంట మోగితే ఒక్కసారి మొరిగి చాప మీదికి పరుగెత్తుతుంది. ఆ ఒక్కటీ మాన్పించలేకపోయాం.

దువ్వెన, పళ్లు, నడక

అంత జుట్టు చూసి భయపడకండి. లోపలి దట్టమైన బొచ్చు దీనికి ఉండదు కాబట్టి వారానికి రెండు మూడుసార్లు దువ్వితే సరిపోతుంది. చెవుల వెనక, తొడల దగ్గర మాత్రం వేలితో తడిమి చూడండి, చిక్కులు అక్కడే కడతాయి. వేసవి వచ్చిందని గుండు చేయించవద్దు.

పళ్లు ఈ జాతికి పెద్ద బలహీనత. చిన్న దవడలో పళ్లన్నీ ఇరుక్కుని గార పడుతుంది. కుక్కల కోసం అమ్మే పేస్టుతోనే, వీలైతే రోజూ తోమండి. మన పేస్టు వాడకూడదు.

మెడకు పట్టీ వేసి లాగితే శ్వాసనాళం నలుగుతుంది, రొమ్ముకు తొడిగే పట్టీ వాడండి. మువ్వ కూడా దానికే కట్టుకోవచ్చు. వేసవిలో పొద్దున ఏడు లోపు, మళ్లీ చీకటి పడ్డాక నడిపించండి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలకూ వేడే. వీధి కుక్కల గుంపు కనబడితే దారి మార్చుకోండి. మన చిట్టివీరుడికి తగ్గడం రాదు, కాబట్టి తగ్గవలసింది మనమే.

డాక్టరు దగ్గర

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి డాక్టరు చెప్పిన గడువుల్లో వేయించండి, మిగతా టీకాల చీటీ కూడా జాగ్రత్త చేయండి. నడుస్తున్న కుక్క ఉన్నట్టుండి వెనక కాలు ఎత్తి, మూడు కాళ్లతో నాలుగు గంతులు వేసి, మళ్లీ ఏమీ జరగనట్టు నడిస్తే మోకాలి చిప్ప జారి ఉండవచ్చు. ఆ క్షణంలో దాన్ని ఎత్తుకోకుండా ఫోనులో వీడియో తీయండి. డాక్టరు గదిలో అది చక్కగానే నడిచి చూపిస్తుంది.